మినీ ట్రాక్టరు వెనుక క్యారియర్: ఎంచుకోవడం, అమర్చుకోవడం, సరిచూసుకోవడం

మినీ ట్రాక్టరు కొన్న రైతులు, ముఖ్యంగా బత్తాయి, నిమ్మ, మామిడి తోటలు ఉన్నవాళ్లు, తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: పళ్ల క్రేట్లు, ఎరువు బస్తాలు, మందు డ్రమ్ములు మోయడానికి బండి వెనుక మూడు లింకులకు (కింద రెండు చేతులు, పైన ఒక టాప్ లింక్) తగిలించే బల్లలాంటిది పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎంత బరువు మోస్తుంది? దీన్ని షాపుల్లో క్యారియర్ అనీ ప్లాట్‌ఫారం అనీ అంటారు. ఇక్కడ క్యారియర్ అనే అంటాను.

పెట్టుకోవచ్చు. ఎంత మోస్తుందన్న దానికి మాత్రం చాలామంది కంపెనీ పుస్తకం తెరిచి, అందులో ఎత్తే సామర్థ్యం కాలమ్‌లో 750 కిలోలని చూసి, అదే జవాబనుకుంటారు. 15 నుంచి 27 హెచ్‌పీ బండ్లలో చాలావాటికి ఆ కాలమ్‌లో 750కి అటూ ఇటూగానే ఉంటుంది. అది హైడ్రాలిక్ (వెనుక లింకులను ఎత్తే ఏర్పాటు) ఎత్తగలిగిన బరువే కాని, బండి సురక్షితంగా మోసుకుపోగలిగిన బరువు కాదు. వెనుక బరువు పెరిగేకొద్దీ ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగు తిప్పినా బండి తిరగదు, గట్టు ఎక్కితే ముందు భాగం లేస్తుంది. కాబట్టి మీ క్యారియర్ ఎంత మోయాలో చెప్పాల్సింది హైడ్రాలిక్ కాదు, ముందు చక్రాలు. కింద చెప్పిన కొలతలూ లెక్కలూ అన్నీ దాని కోసమే.

క్యారియరా, ట్రాలీయా?

ఒక్క విడతలో 300 కిలోలకు మించి మోయాలనుకుంటే క్యారియర్ ఆలోచన మానుకుని చిన్న రెండు చక్రాల ట్రాలీ చూసుకోండి. ట్రాలీలో బరువులో ఎక్కువ భాగం దాని చక్రాల మీదే పడుతుంది. చెట్ల వరుసల చివర తిప్పడానికి చోటు లేనప్పుడు, డ్రిప్ లేటరళ్ల (చెట్ల వెంట పరిచే సన్న పైపుల) మధ్య జాగ్రత్తగా వెనక్కి రావాల్సినప్పుడు, పది క్రేట్లలోపు సరుకు మాటిమాటికీ గట్టుకు చేర్చాల్సినప్పుడు మాత్రం క్యారియర్‌కు సాటి లేదు. నేల దాకా దించి, క్రేట్లను వంగి ఎత్తకుండా పక్కకు జరిపి పెట్టుకోవచ్చు; పని అయ్యాక మూడు పిన్నులు తీస్తే బండి రోటావేటరుకు సిద్ధం.

కల్టివేటరు గొర్రు మీద రెండు పలకలు తాళ్లతో కట్టి క్యారియరుగా వాడటం మన దగ్గర బాగా కనిపించే పద్ధతి. దయచేసి చేయకండి. గొర్రు బరువే ఏకంగా 150 కిలోల పైన ఉండవచ్చు, అంటే మీరు మోయగలిగిన బరువులో సగం ఇనుమే తినేస్తుంది. పైగా పలక జారితే కింద ఉన్నవి నాగళ్లు.

కావలసినవి

కొలతలకు: టేపు, దారానికి కట్టిన గుండు, సుద్దముక్క, రంధ్రాలూ పిన్నులూ కొలిచే వెర్నియర్ (లేకపోతే వెల్డింగ్ షాపులో ఉంటుంది), దగ్గర్లో రైస్ మిల్లు దగ్గరో పత్తి మిల్లు దగ్గరో ఉన్న వేబ్రిడ్జి.

చేయించుకునేవాళ్లకు: 50×50×5 మి.మీ. యాంగిల్ సుమారు 6 మీటర్లు, 75×40 మి.మీ. సీ ఛానల్ సుమారు రెండు మీటర్లు, 40×6 మి.మీ. పట్టీ రెండు మీటర్లు, చెవులకు (పిన్ను దూర్చే రంధ్రం ఉండే పలకలకు) 12 మి.మీ. మందం ప్లేటు ముక్కలు, బల్లకు 25 మి.మీ. చెక్క పలకలు లేదా 3 మి.మీ. గరుకు ప్లేటు, 22 మి.మీ. లింక్ పిన్నులు రెండు, 19 మి.మీ. టాప్ లింక్ పిన్ను ఒకటి, ప్రతి పిన్నుకూ లాక్ పిన్ను.

అందరికీ: కొక్కెం ఉన్న రాచెట్ బెల్టులు రెండు, బండి ముందు పెట్టే వెయిట్లు, ఎరుపు రంగు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు.

1. బండి వెనుక లింకులను కొలవండి

బండిని చదునైన చోట ఆపి, కింది రెండు చేతులను నేలకు సమాంతరంగా వచ్చేదాకా ఎత్తి, ఇంజను ఆపండి. ఇప్పుడు ఐదు కొలతలు కాగితం మీద రాసుకోవాలి.

కింది చేతుల చివర్లో ఉన్న బాళ్ల (పిన్ను దూరే గుండ్రటి ఇనుప బంతుల) రంధ్రం ఎంతో చూడండి. లింకుల కొలతలను కేటగిరీలుగా చెబుతారు. కేటగిరీ 1 లింకేజీ అయితే కింది పిన్ను 22 మి.మీ., పై పిన్ను 19 మి.మీ. ఉంటుంది. కేటగిరీ 2 అయితే కింది పిన్ను 28, పై పిన్ను 25 మి.మీ. ఉంటుంది, అది పెద్ద బండ్ల కొలత. తరువాత, రెండు బాళ్ల మధ్య దూరం. కేటగిరీ 1 పరికరానికి కింది రెండు పిన్నుల భుజాల మధ్య 683 మి.మీ. ఉండాలని ప్రమాణం. కేటగిరీ 2కు 825. కొన్ని సన్నటి మినీ బండ్లకు 1ఎన్ అనే ఇరుకు లింకేజీ వస్తుంది, దానిలో ఈ దూరం 400 మి.మీ. మాత్రమే. ఇది చూసుకోకుండా క్యారియర్ కొని తెచ్చి, చేతులను బలవంతంగా వెడల్పు చేసి తగిలించినవాళ్లను చూశాను. చేతులు ఎత్తినప్పుడల్లా టైరును రాసుకుంటూ పోతుంటాయి.

మూడో కొలత: వెనుక ఇరుసు మధ్య నుంచి బాలు రంధ్రం మధ్య దాకా. దీనికే గుండు కావాలి. ఇరుసు మధ్య నుంచి గుండు వేలాడదీసి నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి, బాలు మధ్య నుంచి మరో గుర్తు పెట్టండి, రెండు గుర్తుల మధ్య కొలవండి. నాలుగోది ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం. ఐదోది బాళ్ల నుంచి వెనుక టైరు అంచు దాకా ఉన్న ఖాళీ. చేతులు పైకి లేచేకొద్దీ ఈ ఖాళీ మారుతుంది కనుక అన్ని ఎత్తుల్లో చూసి, అన్నిటికంటే తక్కువగా ఉన్న అంకె రాసుకోవాలి.

2. బండి ముందు బరువు తూచండి

వేబ్రిడ్జి దగ్గరకు వెళ్లి మొదట బండి మొత్తాన్ని తూయించండి. తరువాత ముందు చక్రాలు మాత్రమే కాటా పలక మీద, వెనుక చక్రాలు బయట చదునైన నేల మీద ఉండేలా ఆపి మళ్లీ తూయించండి. కాటా పలకా బయటి నేలా ఒకే మట్టంలో లేకపోతే లెక్క తప్పుతుంది. కాటాలు 5 లేదా 10 కిలోల మెట్టుతో చూపిస్తాయి కనుక ఒకటికి రెండుసార్లు తూయించడం మంచిది. చీటీ పారేయకండి, క్యారియర్ తగిలించాక మళ్లీ ఇదే పని ఉంది.

వేబ్రిడ్జి దూరమైతే కంపెనీ పుస్తకంలోని మొత్తం బరువు తీసుకుని, ముందు చక్రాల మీద అందులో 40 శాతం ఉంటుందని ప్రస్తుతానికి అనుకోవచ్చు. ఇది అంచనా మాత్రమే. ఫోర్ వీల్ డ్రైవ్ బండికీ టూ వీల్ డ్రైవ్ బండికీ తేడా ఉంటుంది.

3. ఎంత బరువు మోయాలో ముందే లెక్క కట్టండి

నియమం ఒక్కటే. క్యారియర్ నిండా సరుకుతో ఉన్నప్పుడు కూడా ముందు చక్రాల మీద, బండి ఖాళీ బరువులో కనీసం 20 శాతం ఉండాలి. అంతకు తగ్గితే స్టీరింగు చేతిలో ఉండదు.

లెక్క ఇలా వేయాలి. క్యారియర్ బరువునూ సరుకు బరువునూ కలపండి. దాన్ని వెనుక ఇరుసు నుంచి సరుకు మధ్యబిందువు దాకా ఉన్న దూరంతో గుణించండి. వచ్చినదాన్ని రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించండి. అంత బరువు ముందు చక్రాల మీద నుంచి తగ్గిపోతుంది.

ఒక ఉదాహరణ. బండి 780 కిలోలు, ముందు చక్రాల మీద 310 కిలోలు, ఇరుసుల మధ్య 1500 మి.మీ., వెనుక ఇరుసు నుంచి బాలు దాకా 650 మి.మీ. అనుకుందాం. పళ్లకు వాడే ప్లాస్టిక్ క్రేటు సాధారణంగా 600×400 మి.మీ. ఉంటుంది, పళ్లతో కలిపి 22 కిలోలు వేసుకుందాం. బల్ల 1200 మి.మీ. వెడల్పు, 800 మి.మీ. లోతు ఉంటే ఒక వరుసకు నాలుగు, రెండు వరుసలు ఎత్తితే ఎనిమిది క్రేట్లు పడతాయి. అవి 176 కిలోలు, క్యారియర్ 60, మొత్తం 236; 240 అనుకుందాం. బల్ల బాళ్ల నుంచి 50 మి.మీ. వెనుక మొదలైతే దాని మధ్య బాళ్ల నుంచి 450 మి.మీ., ఇరుసు నుంచి 1100 మి.మీ. దూరంలో ఉంటుంది. 240ని 1100తో గుణించి 1500తో భాగిస్తే 176. ముందు మిగిలేది 134 కిలోలు. 780లో 20 శాతం 156 కనుక, ఇంకా 22 కిలోలు తక్కువ. ముందు కొంత వెయిటు పెడితే సరిపోతుంది, ఆ సంగతి 7వ మెట్టులో చెబుతాను.

ఇప్పుడు ఇదే బండికి, ఇంకో వరుస క్రేట్లు పడతాయి కదా అని బల్ల లోతు 1200 చేశారనుకోండి. పన్నెండు క్రేట్లు 264 కిలోలు, క్యారియర్ 80, మొత్తం 344. మధ్యబిందువు ఇరుసు నుంచి 1300 మి.మీ.కి జరిగింది. లెక్క వేస్తే 298 వస్తుంది. ముందు చక్రాల మీద మిగిలేది 12 కిలోలు! హైడ్రాలిక్ మాత్రం ఆ 344 కిలోలను కిక్కురుమనకుండా ఎత్తుతుంది. నేను మొదట చేయించిన క్యారియర్ సరిగ్గా ఇలాంటిదే. వెల్డింగ్ షాపతను "బండి బలమైనదండీ, ఏం కాదు" అన్నాడు, నేనూ తలూపాను. మొదటి రోజే కాలువ గట్టు ఎక్కుతుండగా ముందు చక్రాలు జానెడు లేచి, స్టీరింగు వదులుగా గిర్రున తిరిగింది. క్లచ్ తొక్కేసరికి ఢామ్మని కిందపడ్డాయి. ఆ క్యారియర్‌ను మరుసటి వారమే 800కి కోయించాను.

కాబట్టి సరుకు ఎక్కువ పట్టాలంటే లోతు పెంచవద్దు, వెడల్పు పెంచండి. తోటలో కొమ్మలు అడ్డం రాకపోతే 1600×600 బల్ల మీద కూడా వరుసకు నాలుగు క్రేట్లే పడతాయి కాని, మధ్యబిందువు బండికి మరో 100 మి.మీ. దగ్గరవుతుంది. బత్తాయి వరుసల మధ్య 6 మీటర్ల ఎడం ఉన్నా, కాపు మీద కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. బల్ల మూలలు ఆ కొమ్మలను చీరేస్తాయి. అందుకే నేను 1200 వెడల్పుకే కట్టుబడ్డాను.

హైడ్రాలిక్ విషయంలో ఒక్క మాట. పుస్తకంలోని అంకె చాలాసార్లు బాళ్ల దగ్గర కొలిచినది. బాళ్లకు 610 మి.మీ. వెనుక కొలిస్తే తగ్గుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర సంస్థ ఇచ్చే ట్రాక్టరు పరీక్ష నివేదికల్లో రెండు అంకెలూ వేర్వేరుగా ఉంటాయి. డీలరు దగ్గర ఆ నివేదిక అడిగి, రెండో అంకెనే చూసుకోండి.

4. కొత్తదా, పాతదా, చేయించుకోవడమా

కొత్తది కొంటే మూడు కొలతలు చూసి తీసుకోండి: పిన్నులు 22, వాటి మధ్య 683, కింది పిన్నుల నుంచి టాప్ లింక్ రంధ్రం దాకా ఎత్తు 460 మి.మీ. తన బరువు ఎంతో అడగండి. 100 కిలోలు దాటితే మినీ బండికి వద్దు.

పాతది కొనేటప్పుడు ఎక్కువగా దొరికేవి పెద్ద ట్రాక్టర్లకు చేసినవి. 28 మి.మీ. పిన్ను మన 22 మి.మీ. బాలులో పట్టదు. బాలును తొలిపించి పెద్దది చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బాలు గోడ పలచబడి విరుగుతుంది. పిన్నులున్న చెవులను కోసి, 683 దూరంలో కొత్త చెవులు వెల్డింగ్ చేయించడమే సరైన మార్గం. అప్పుడు కూడా దాని లోతు కొలవడం మరిచిపోకండి. పెద్ద బండి క్యారియర్లు తరచుగా మీటరు పైనే ఉంటాయి.

చేయించుకోవడమే నాకు నచ్చిన దారి. తోటలో వాడే క్రేటు కొలతకు బల్ల సరిగ్గా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. షరతు ఒక్కటే: వెల్డింగ్ జరుగుతున్నంతసేపు కొలతల కాగితం పట్టుకుని పక్కనే నిలబడాలి.

5. ఫ్రేము చేయించే పద్ధతి

అ) యాంగిల్‌తో 1200×800 చట్రం, మధ్యలో రెండు అడ్డ యాంగిళ్లు. మూలమట్టం సరిపోయిందో లేదో చూడటానికి రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. తేడా 5 మి.మీ. దాటకూడదు. మొదట టాకాలు (అక్కడక్కడా చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేయించి, కొలిచి, ఆ తరువాతే పూర్తి వెల్డింగ్ చేయించండి. ఒక వైపు మొత్తం వెల్డింగ్ చేసి రెండో వైపుకు వెళ్తే వేడికి చట్రం మెలిక తిరుగుతుంది.

ఆ) చట్రం ముందు అంచుకు సీ ఛానల్ అడ్డంగా వేసి, దాని మీద నాలుగు చెవులు నిలబెట్టాలి, అంటే ఒక్కో వైపు రెండేసి. పిన్ను రెండు చెవుల గుండా వెళ్లి, వాటి మధ్యన బాలు కూర్చోవాలి. ఒకే చెవికి పిన్నును పక్కకు పొడుచుకు వచ్చేలా వెల్డింగ్ చేసే పద్ధతి కూడా ఉంది. పని తేలిక కాని, ఎగుడుదిగుడు నేల మీద బరువంతా ఆ ఒక్క వెల్డింగ్ మీదే పడుతుంది. చెవుల మధ్య ఖాళీ, బాలు వెడల్పుతో పాటు చేయి కొస కూడా పట్టేలా మీ బండి మీదే కొలిచి పెట్టించండి.

ఇ) టాప్ లింక్ తగిలించే నిలువు స్టాండు. రెండు ఛానళ్లను కిందివైపు ఎడంగా, పైన దగ్గరగా, నిచ్చెన ఆకారంలో నిలబెట్టి, పైన 19 మి.మీ. రంధ్రాలున్న రెండు ప్లేట్లు వెల్డింగ్ చేయాలి. కింది పిన్నుల మధ్య నుంచి ఈ రంధ్రం మధ్య దాకా 460 మి.మీ. ఎత్తు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. స్టాండు అడ్డం వస్తోందని 300 మి.మీ.కి తగ్గిస్తే రెండు నష్టాలు. ఒకటి, టాప్ లింక్ మీద లాగుడు పెరుగుతుంది. మన ఉదాహరణలో 460 ఎత్తుకు సుమారు 235 కిలోల లాగుడు ఉంటే, 300 ఎత్తుకు అది 360 అవుతుంది, గుంతలో పడ్డప్పుడు ఇంకా ఎక్కువ. రెండు, పైకి ఎత్తినకొద్దీ బల్ల వెనుక అంచు కిందికి వాలుతుంది, క్రేట్లు వెనక్కి జారతాయి.

ఈ) స్టాండు పై కొస నుంచి బల్ల వెనుక అంచు దాకా రెండు వైపులా 40×6 పట్టీలు. ఇవి లేకుండా చేసిన క్యారియర్ కొత్తలో బాగానే ఉంటుంది. ఒక కోత కాలం గడిచేసరికి స్టాండు మొదట్లో వెల్డింగ్ చిట్లుతుంది.

ఉ) బల్ల. చెక్క పలకలు తేలిక, పాడైతే ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, తడిలో క్రేటు జారదు. గరుకు ప్లేటు 1200×800కి దాదాపు 25 కిలోలు ఉంటుంది, చెక్క దానికంటే కొంత తక్కువే. పక్కల నుంచి సరుకు జారకుండా మూడు వైపులా 50 మి.మీ. ఎత్తు అంచు చాలు. ఎత్తైన కంచె పెడితే ఎక్కువ నింపాలనిపిస్తుంది. బెల్టు కొక్కేలకు నాలుగు మూలలా రింగులు వేయించండి.

పిన్నుల బదులు ఇంటి స్లాబుకు వాడే ఊచ ముక్కలు, పాత బోల్టులు పెట్టవద్దు. ఊచ గుండ్రంగా కనిపించినా దాని మీది గీతల వల్ల బాలులో సరిగా కూర్చోదు, తొందరగా అరుగుతుంది. బోల్టే వాడాల్సి వస్తే తల మీద 8.8 అని ఉన్నది, మర లేని భాగం చెవుల మధ్య పడేంత పొడవైనది తీసుకోండి.

ఇంకో హెచ్చరిక: ట్రాక్టరు లింకు చేతుల మీద ఎప్పుడూ వెల్డింగ్ చేయించకండి. అవి కాల్చి సాగగొట్టి పదును పెట్టిన ఉక్కు, వెల్డింగ్ వేడికి ఆ చోట పెళుసు బారుతాయి. మార్చాల్సింది ఏదైనా క్యారియర్ వైపే మార్చాలి. క్యారియర్‌ను బండికి తగిలించి ఉంచి వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ టెర్మినళ్లు విప్పండి.

6. బండికి తగిలించి, ఖాళీగా పరీక్షించండి

క్యారియర్‌ను చదునైన నేల మీద ఉంచి, బండిని మెల్లగా వెనక్కి తెచ్చి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేశాకే దిగండి. డ్రైవరు సీట్లో ఉండి లివరు కదుపుతుండగా మరొకరు లింకుల మధ్య నిలబడి పిన్ను కొట్టడం మన ఊళ్లలో మామూలే. వేళ్లు పోయేది అక్కడే. పీటీఓ షాఫ్టుకు (ఇంజను శక్తితో బండి వెనుక తిరిగే కడ్డీకి) కవరు ఉందో లేదో చూడండి, దాని లివరు న్యూట్రల్‌లో ఉండాలి.

మొదట ఎడమ చేయి, తరువాత కుడి చేయి, చివర టాప్ లింక్. కుడి లిఫ్ట్ రాడ్డు మీద మట్టం సరిచేసే పిడి ఉంటుంది, కాబట్టి ఎడమ వైపు కుదిరితే కుడిని దాన్నిబట్టి సరిచేసుకోవచ్చు. లాక్ పిన్నులు అన్నీ వేశారా అని చేత్తో తడిమి చూడండి.

ఇప్పుడు మెల్లగా ఎత్తుతూ ఇవి చూడండి. పూర్తిగా పైకి లేపినప్పుడు బల్ల ముందు అంచుకూ టైరుకూ మధ్య కనీసం 100 మి.మీ. ఖాళీ ఉండాలి. స్టాండు పై కొస సీటుకో మడ్‌గార్డుకో తగలకూడదు. వెనుక నిలబడి చూస్తే బల్ల రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. పక్క నుంచి చూస్తే, మోసుకెళ్లే ఎత్తులో వెనుక అంచు ముందు అంచు కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు పైకి ఉండాలి. సరుకు బండి వైపే ఆనుకుంటుంది. లేకపోతే టాప్ లింక్‌ను తిప్పి పొట్టి చేయండి. ఎంత పొట్టి చేసినా పైకి ఎత్తేసరికి వాలిపోతుంటే, టాప్ లింక్‌ను ట్రాక్టరు వైపు కింది రంధ్రానికి మార్చి చూడండి. అప్పటికీ కుదరకపోతే స్టాండు ఎత్తు తప్పినట్టే.

చెక్ చైన్లు (కింది చేతులు పక్కలకు ఊగకుండా పట్టే గొలుసులు) బిగించండి. దున్నేటప్పుడు గొర్రు కొంచెం అటూ ఇటూ ఆడాలి కనుక చైన్లు వదులుగా ఉంచుతాం. క్యారియర్‌కు ఆ వదులు పనికిరాదు. బల్ల మూల పట్టుకుని తోస్తే రెండు వేళ్ల మందం కంటే ఎక్కువ కదలకూడదు. బిగించాక మళ్లీ పూర్తిగా ఎత్తి దించి చూడండి. కొన్ని బండ్లలో కింద సరిపోయిన చైను పైకి వెళ్లేసరికి మరీ బిగుసుకుంటుంది.

రెండు హైడ్రాలిక్ లివర్లున్న బండిలో పొజిషన్ కంట్రోల్ లివరునే (లింకులను పెట్టిన ఎత్తులోనే నిలిపేదాన్నే) వాడాలి. డ్రాఫ్ట్ లివరుతో నడిపితే టాప్ లింక్ మీది ఒత్తిడిని బట్టి క్యారియర్ తనంతట తానే పైకీ కిందికీ ఆడుతుంది. సీటు కింద దించే వేగం మార్చే నాబ్ ఉంటే నెమ్మది వైపు తిప్పండి. పళ్లు దెబ్బతినకుండా ఉండేది దీనివల్లే.

7. ముందు వెయిట్లు

మన ఉదాహరణలో 22 కిలోలు తక్కువ పడింది. ముందు ఇరుసుకు 400 మి.మీ. ముందుగా, బంపరు మీద 40 కిలోలు పెడితే చక్రాల మీద 50 కిలోల దాకా పెరుగుతుంది, ఎందుకంటే అది ఇరుసు దాటి ముందుకు ఉంది. 134 కాస్తా 184 అవుతుంది. చాలు.

కంపెనీ పోత ఇనుము వెయిట్లు దొరికితే అవే మేలు. దొరకకపోతే యాంగిల్‌తో బుట్టలాంటిది చేయించి, బంపరుకు బోల్టులతో బిగించి, ఇసుక సంచులు పెట్టుకోవచ్చు. తూచి పెట్టండి. అవసరానికి మించి పెడితే ముందు ఇరుసు బేరింగులకూ సీళ్లకూ చేటు, ఎంత పెట్టవచ్చో బండి పుస్తకంలో ఉంటుంది. క్యారియర్ తీసేసినప్పుడు ఇసుక కూడా తీసేయండి.

బంపరు మీద కుర్రాణ్ణి కూర్చోబెట్టి వెయిటుగా వాడుకోవడం ఎక్కడ చూసినా ఆపండి. జారితే పడేది చక్రం కిందే.

వెనుక టైర్ల మీద పడే భారం కూడా గమనించాలి. వెనుక పెట్టిన బరువూ, ముందు తగ్గిన బరువూ రెండూ కలిసి అక్కడే చేరతాయి. మన లెక్కలో అది 400 కిలోలు దాటుతుంది. గాలి ఎంత ఉండాలో టైరు పట్టికలో చూసి, దున్నడానికి తగ్గించి ఉంటే తిరిగి పెంచండి.

8. సరుకుతో పరీక్ష

ఒక్కసారే నిండుగా నింపవద్దు. నాలుగు క్రేట్లతో మొదలుపెట్టి, చదునైన చోట తిప్పి, బాగుంటే ఎనిమిదికి వెళ్లండి. బరువైనవి ముందు, స్టాండుకు ఆనించి, తేలికైనవి వెనుక. 200 లీటర్ల డ్రమ్ము నింపితే నీళ్లే 200 కిలోలు, సగం నింపితే లోపల ఊగుతుంది. నన్నడిగితే 50 లీటర్ల క్యాన్లు రెండు మూడు పెట్టుకోవడమే నయం. రాచెట్ బెల్టు ప్రతిసారీ బిగించాలి, "ఇదిగో ఇక్కడికే కదా" అనుకున్న రోజునే క్రేట్లు బోదెలో పడతాయి.

ఆ తరువాత నాలుగు పరీక్షలు:

వేబ్రిడ్జి పరీక్ష. నిండు క్యారియర్‌ను మోసుకెళ్లే ఎత్తులో ఉంచి, ముందు చక్రాలను మాత్రమే తూయించండి. పాత చీటీలోని మొత్తం బరువులో 20 శాతం కంటే ఎక్కువ రావాలి. రాకపోతే క్రేట్లు తగ్గించండి లేదా లెక్క ప్రకారం ముందు వెయిటు పెంచండి. మీ లెక్కకూ కాటా అంకెకూ 20 కిలోలకు మించి తేడా వస్తే ఏదో ఒక దూరం తప్పు కొలిచారు.

స్టీరింగు పరీక్ష. పొడి నేల మీద మొదటి గేరులో నడుపుతూ స్టీరింగు పూర్తిగా తిప్పండి. ముందు చక్రాలు తిరిగి, బండి మాత్రం కొంతదూరం నేరుగా జారుకుంటూ పోతే బరువు ఎక్కువైనట్టే, కాటా ఏం చెప్పినా సరే.

దిగుడు పరీక్ష. సరుకుతో ఎత్తి, బల్ల అంచు ఎత్తును నేల నుంచి కొలిచి, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగండి. ఆ సమయంలో కింద ఎవరూ చేయి, కాలు పెట్టకూడదు. కొద్దిగా దిగడం మామూలే. పది నిమిషాల్లో బెత్తెడు దిగితే హైడ్రాలిక్ సీళ్లు మెకానిక్‌కు చూపించండి. సీళ్లు కొత్తవైనా సరే, బండి ఆపినప్పుడు క్యారియర్‌ను నేలకు దించే వెళ్లాలి.

వెల్డింగ్ పరీక్ష. మొదటి రోజు పని అయ్యాక, మళ్లీ వారానికి, చెవుల మొదళ్లనూ స్టాండు మొదలునూ తుడిచి, వెలుతురులో చూడండి. రంగు మీద వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది పగులే. గీత మీదనే మళ్లీ వెల్డింగ్ పూస్తే ఆగదు. పాతది గ్రైండరుతో తీసేసి కొత్తగా వేయించాలి.

9. నడిపేటప్పుడు

బల్ల నేల నుంచి 300 మి.మీ. లోపే ఉండాలి. బోదెలు దాటడానికి కాస్త ఎత్తినా దాటగానే దించండి. మొదటి, రెండో గేరులోనే నడపండి. క్లచ్ మెల్లగా వదలండి, ఒక్కసారిగా వదిలితే సరుకు తగినంతే ఉన్నా ముందు భాగం లేస్తుంది.

గట్టు ఎక్కేటప్పుడు వెనక్కి ఎక్కాలి, దిగేటప్పుడు ముందుకు దిగాలి. అప్పుడు బరువైన వెనుక భాగం ఎప్పుడూ ఎగువ వైపే ఉంటుంది, ముందు చక్రాలు నేలను వదలవు. మొదట్లో మెడ నొప్పి పుడుతుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. వెనక్కి ఎక్కేంత చోటు లేని గట్టు దగ్గర సగం సరుకు దించి రెండు విడతలుగా తీసుకెళ్లండి. ఏటవాలు నేల మీద అడ్డంగా పోవడం మానుకోండి.

రోడ్డు ఎక్కాల్సి వస్తే వెనుక లైట్లు క్రేట్ల చాటున పడ్డాయేమో దిగి చూడండి. పడితే ఆ వరుస తీసేయాలి. బల్ల వెనుక అంచుకు రెండు మూలలా రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అతికించండి, మట్టి పట్టినప్పుడల్లా తుడవండి.

కూలీలు సాయంత్రం ఇంటికి పోతూ "అన్నా, రోడ్డు దాకా దింపవా" అని బల్ల ఎక్కబోతారు. బల్ల ఖాళీగా ఉన్నా, దూరం పది గజాలే అయినా, ఎక్కనివ్వకండి.

10. ఏడాదికోసారి

కోత కాలం మొదలయ్యే ముందు పిన్నులను వెర్నియర్‌తో కొలవండి. 22 మి.మీ. పిన్ను ఏ చోటైనా 21కి తగ్గితే మార్చేయండి. చెవుల రంధ్రాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా సాగితే పిన్ను మార్చి లాభం లేదు, చెవులే మార్చాలి. టాప్ లింక్ మరలకు గ్రీజు పెట్టి, రెండు వైపులా కనీసం ఐదారు మరలు లోపల ఉన్నాయో లేదో చూడండి. చెక్క పలకల కింద, యాంగిల్‌కు తగిలే చోట తేమ నిలిచి తుప్పు మొదలవుతుంది. పలకలు విప్పి, గీకి, రెడాక్సైడ్ పూసి తిరిగి బిగించండి. ఎరువు బస్తాలు మోసిన రోజున బల్లను నీళ్లతో కడగడం మరవకండి, యూరియా పొడి ఇనుమును ఒక్క వానాకాలంలోనే తినేస్తుంది.